కల్పిత పారమ్మ

మంత్రిగారికి ఒక పాట అర్థం కాలేదు. గొడవంతా అక్కడ మొదలైంది.

జిల్లా కేంద్రంలో ఏదో ఉత్సవం. వేదిక మీద ఒకమ్మాయి ప్రేమపాట పాడుతోంది. జనం ఈలలు వేస్తున్నారు. మంత్రిగారూ తల ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆగి, "ఇంతకీ ఆ పిల్ల ఎవడి కోసమయ్యా అంతలా కుమిలిపోతోంది?" అని పక్కనున్న అధికారిని అడిగారు. ఆయనకు తెలియదు. తన పక్కాయనను అడిగాడు. ఆ ప్రశ్న కుర్చీ కుర్చీకీ ఆగుతూ వేదిక ఆ చివరిదాకా పోయి, జవాబు లేకుండా ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మంత్రిగారి ముఖం మాడిపోయింది. ప్రభుత్వానికి తెలియకుండా జనం ప్రేమించుకోవడం ఒక ఎత్తు. ప్రభుత్వ వేదిక ఎక్కి, ప్రభుత్వ మైకు పట్టుకుని, ప్రభుత్వానికే తెలియని ప్రేమ గురించి పాడడం ఇంకో ఎత్తు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అర్థం నిర్ధారణ కాని ప్రేమగీతాన్ని ఇకమీదట నలుగురిలో పాడరాదు. పాటలో ఎవరు ఎవరిని ప్రేమించారో, ఏ ఉద్దేశంతో ప్రేమించారో, ఆ ప్రేమ వల్ల ప్రజా ప్రయోజనం ఏమిటో తేలాకే అనుమతి. భక్తిపాటలకు మినహాయింపు ఇచ్చారు, వాటి అర్థం దేవుడు చూసుకుంటాడని. ఎన్నికల పాటలకూ మినహాయింపు ఇచ్చారు, వాటిలో అర్థం లేదని అన్ని పార్టీలవాళ్ళూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు కాబట్టి.

ఉత్తర్వు వెనకాలే ఆఫీసు వచ్చింది. జిల్లా గేయార్థ నిర్ధారణ కార్యాలయం. వేరే చోటు దొరక్క పాత పశువుల ఆసుపత్రిలో పెట్టారు. గొడ్లకు సూదులు వేసేటప్పుడు కదలకుండా నిలబెట్టే ఇనప చట్రం వాకిట్లో అలాగే ఉండిపోయింది. పాటగాళ్ళ వరస తిన్నగా ఉంటుందని వాళ్ళను అందులోంచే లోపలికి పంపేవారు. అధికారిగా గుణాకరరావు గారిని వేశారు. అంతకు ముందు ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేశారు. లోకంలో కొలవలేనిది లేదని ఆయన గట్టి నమ్మకం. ప్రేమంటారా, అది ఆయన దాకా ఇంకా తూకానికి రాలేదు.

ఆ చట్రంలోంచి ఒకరోజు తలపాగా విప్పి చేత్తో పట్టుకుని జీడివలస తవిటినాయుడు లోపలికి వచ్చాడు.

జీడివలసలో ఊరమ్మ సంబరం ఆఖరి రోజు మధ్యాహ్నం జోడుపాటలు పాడతారు. అది తాతల నాటి ఆనవాయితీ. మొగుడు ఒక చరణం ఎత్తుకుంటాడు, పెళ్ళాం జవాబు చెప్పాలి. మొగుడి చరణం ఏటా అదే. పెళ్ళాం జవాబు మాత్రం ఏటికేడు మారాలి. ఆ ఏడాదంతా మొగుడు చేసిన వెధవ పనులన్నీ అందులోకి రావాలి. జవాబు రాకపోతే మొగుడికి 'సగం పాటోడు' అని పేరు పడిపోతుంది. మళ్ళీ సంబరం దాకా ఊళ్ళో చిన్నా పెద్దా అలాగే పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా తవిటినాయుడికి ఆ పేరు పడలేదంటే, అది పూర్తిగా అతని పెళ్ళాం పారమ్మ నోటి చలవే. అతని చరణం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నోటికి వచ్చు.

*ఏటొడ్డు తోటకాడ ఎవరే సిన్నదానా*
*ఎడం ముక్కున నత్తు మెరిసె సిన్నదానా*
*నీ కడవ నీళ్ళల్ల నా సందమామ మునిగె*
*తీసియ్యవే పిల్లా తిరిగెల్లిపోతాను*

గుణాకరరావు గారు చరణం విని, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"సదరు గీతంలో పేర్కొనబడిన చిన్నది వాస్తవ వ్యక్తియా, కల్పిత వ్యక్తియా?"

"అంటే ఏటి బాబూ?"

"అంటే, ఉన్నదా, లేదా?"

తవిటినాయుడు నవ్వాడు. "నేకపోవడమేటి బాబూ? ఇంటికాడ అంబలి కాస్తన్నాది."

"అయితే వాస్తవం. వాస్తవమైన పక్షంలో ప్రేయసి యొక్క సమ్మతి పత్రం, ప్రేయసి యొక్క తండ్రి యొక్క సమ్మతి పత్రం..."

"మావఁ సచ్చిపోయి శానా కాలమైంది బాబూ."

"అయితే ఆయన మరణ ధ్రువీకరణ, ప్రేమ జరిగిన కాలంలో ఆయన జీవించియున్నట్టు మరొక ధ్రువీకరణ, ప్రేమను కళ్ళారా చూసిన ఇద్దరు సాక్షులు, సంఘటన జరిగిన స్థలం తాలూకు పటం సమర్పించవలసి ఉంటుంది."

తవిటినాయుడు తలపాగా గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "మరి కల్పితమైతేనో?"

"కల్పితమైన పక్షంలో ఒక సంతకం చాలు."

సంబరం దగ్గర పడుతోంది. మధ్యాహ్నం బస్సు కూడా దగ్గర పడుతోంది. తవిటినాయుడు పులికైనా ఎదురెళ్ళే మనిషే గాని, ఆఫీసు మెట్టు ఎక్కితే మాత్రం మోకాళ్ళు నీరుగారిపోతాయి. చట్రం వైపు ఒకసారి, గోడ గడియారం వైపు ఒకసారి చూశాడు.

"కల్పితమేనండి," అన్నాడు. సంతకం పెట్టాడు. బస్సు అందింది.

ఆ సంగతి అక్కడితో పోయేదే. కానీ నిబంధనల్లో బహిరంగ ప్రకటన ఒకటి ఉంది. నాలుగో రోజు పొద్దున్నే జీడివలస వీధుల్లో దండోరా మోగింది.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! తవిటినాయుడు పాడే పాటలోని సిన్నది కల్పితమహో! అలాంటి మనిషి ఈ ఊళ్ళో గాని, మరే ఊళ్ళో గాని నేదహో! ఉన్నదని అభ్యంతరం ఉన్నోళ్ళు వారం లోపల ఆఫీసులో చెప్పుకోవాలహో!"

పారమ్మ అప్పుడు వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. చేట ఆగిపోయింది. దండోరా వాడు ఇంటి ముందుకొచ్చి, ఆమెను చూసి, డప్పు చంకలో పెట్టుకుని గబగబా దాటిపోయాడు.

తవిటినాయుడు పొలం నుంచి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. పారమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన మూట ఉంది.

"ఒలే పారా, అంబలేదే?"

"ఎవులు కాస్తారు మావా? ఇంట్లో మడిసే నేదు గదా."

"అదేటే?"

"నాను కల్పితం గదా. కల్పితం చేతులకి పొయ్యి రాజుకోదు." ఆమె గొంతు పెంచలేదు. అందుకే అతనికి భయం పట్టుకుంది. "ఇరవయ్యేళ్ళ బట్టి నీ గొడ్డూ గోదా చూసిందెవులు? కల్పితమా? నీ ఇద్దరు కూతుళ్ళని ఎవులు కన్నారు? కల్పితమా? మొన్న నీకు సెగ్గడ్డ లేస్తే ఏపాకు నూరి పట్టేసిందెవులు?"

"అది కాదే, ఆడు కాయితాలడిగినాడు..."

"కాయితం అడిగితే పెళ్ళాం నేదనెస్తావా? రేపు ఆడు నువ్వున్నావా అనడిగితే ఏటంటావు?"

పారమ్మ మూట నెత్తికెత్తుకుంది.

"కల్పితానికి మొగుడేటి, ఇల్లేటి? మాయమ్మ దగ్గరికి పోతన్నాను. ఆవిడ దగ్గిర నాను పుట్టినట్టు రుజువున్నాది."

ఏటికి అవతల బొండపేటకు వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. బడ్డీ కొట్టు దగ్గర ఎవడో, "తవిటీ, కల్పితం కూడేటి వండుకున్నావురా రేత్రికి?" అని అడిగాడు. ఇంకొకడు, "పాపం ఆణ్ణనకండ్రా, ఈ ఏడు సగం పాటోడు అవబోతన్నాడు," అన్నాడు.

మర్నాడు తవిటినాయుడు మళ్ళీ చట్రంలోంచి లోపలికి దూరాడు. చిన్నది సంగతి తేలినా పాట అర్థం ఇంకా తేలలేదు కాబట్టి, అప్పటికి దాని మీద నిపుణుల సమావేశం నడుస్తోంది. బల్ల చుట్టూ నాలుగు శాఖలవాళ్ళు కూర్చున్నారు. బల్ల మధ్యలో ఒక మట్టికడవ ఉంది.

నీటిపారుదల ఇంజనీరు లేచాడు. "చిన్నది ఏటి నీటిని కడవతో తరలించుచున్నది. సదరు నీటి తరలింపునకు మా శాఖ అనుమతి లేదు. కావున ఈ గీతం యొక్క అర్థం, జలవనరుల అక్రమ వినియోగం."

రెవెన్యూ ఆయన ఒప్పుకోలేదు. "అసలు సమస్య చందమామ. 'నా చందమామ' అని సదరు వ్యక్తి బాహాటంగా హక్కు ప్రకటించుకుంటున్నాడు. చందమామ ఏ గ్రామం లెక్కల్లోనూ లేదు. కనుక అది ప్రభుత్వ పోరంబోకు. ఈ గీతం యొక్క అర్థం, ఆక్రమణ."

"అయ్యా, మునిగింది కదా," అన్నాడు విపత్తుల శాఖాయన. "ఆస్తి ఎవరిదైనా మునక జరిగింది. నష్టం అంచనా వేయాలి. పరిహారం మంజూరు చేయాలి."

ప్రజారోగ్యం ఆయన కడవలోకి తొంగి చూసి, "తాగేనీటిలో అన్యపదార్థం పడింది," అన్నాడు విచారంగా.

తూనికల శాఖ అలవాటు పోలేదు గుణాకరరావు గారికి. "ఇన్ని లీటర్ల కడవలో చందమామ పట్టునా?" అని అడిగి, మనిషిని పంపి ఒక పళ్ళెం తెప్పించి, కడవ మూతి మీద పెట్టి చూసి, పట్టదని తేల్చారు. సభ్యులంతా నిట్టూర్చారు. తవిటినాయుడు గోడవారన నిలబడి ఇదంతా విన్నాడు. చందమామ నీళ్ళలో కనిపించే ఒక వెన్నెల రాత్రికి ఇంతమంది కావలసి వచ్చిందా అనిపించింది అతనికి.

"బాబూ," అన్నాడు చివరికి, "ఆ సిన్నది కల్పితం కాదు బాబూ. నా పెళ్ళామే. నాను తప్పు సెప్పినాను. కొట్టీండి ఆ మాట."

గుణాకరరావు గారు జాలిగా చూశారు.

"చూడు తవిటినాయుడూ. వాస్తవాన్ని కల్పితం చేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. కల్పితాన్ని వాస్తవం చేసే అధికారం లేదు."

"మరి నా పెళ్ళాం ఇల్లొదిలిపోనాది బాబూ!"

"లేని వ్యక్తి వెళ్ళిపోవడం సాంకేతికంగా సాధ్యం కాదు." ఆయన కాగితం మీద వేలు పెట్టారు. "పైగా మేము గుడ్డిగా నిర్ణయించలేదు. క్షేత్రస్థాయిలో విచారించాము. గీతంలో నత్తు ఎడమ ముక్కున ఉన్నది. నీ భార్యకు నత్తు కుడి ముక్కున ఉన్నది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ కుడివైపే అని ఆవిడ తల్లే ధ్రువీకరించింది. కనుక గీతంలోని చిన్నది నీ భార్య కాదు. కల్పితమైతే సరే. కాకపోతే..." ఆయన గొంతు తగ్గించారు. "ఆ ఎడమ ముక్కు ఆవిడ ఎవరు?"

నిజమే, పారమ్మ నత్తు కుడివైపే. ఇన్నేళ్ళూ 'ఎడం ముక్కున' అని ఊరు అదిరేలా పాడాడు గాని, ఎందుకలా కట్టాడో అతనికే గుర్తు లేదు. బస్సులో కూర్చున్నంత సేపూ వేళ్ళు ముక్కుకు ఈ పక్కా ఆ పక్కా పెట్టి చూసుకున్నాడు. పక్క సీటాయన జరిగి కూర్చున్నాడు.

ఆ మాట బొండపేటకు అతని కంటే ముందే చేరింది. అత్తగారింటి గుమ్మంలో అడుగు పెట్టగానే పారమ్మ అడిగింది.

"ఎవుర్తి మావా, ఆ ఎడం ముక్కుది?"

"ఎవులూ నేరే! ఊరమ్మ తోడు!"

"కల్పితమంటే ఏటో అనుకున్నాను. నాను కల్పితం, అది నిజమన్నమాట."

ముసలి అత్త మంచం మీంచి, "నీది కుడిపక్కనని సెప్పినానే అమ్మా, నానేటీ అబద్ధమాడనేదు," అంది. ఆవిడ మీద ఎవరికీ కోపం రాలేదు. ప్రభుత్వం అడిగిన ప్రశ్నల్లో ఆవిడకు జవాబు తెలిసింది అదొక్కటే.

పారమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. మనిషి రెండు రోజుల్లో సగమైపోయాడు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి అటు పోబోయి ఆగింది.

"మావా, ఒక్క మాట. నాను నేదని ఏ నోటితో ఆడి ముందర అన్నావో, ఆ నోటితోనే ఆడి ముందర నన్ను పాడు. ఆడు ఒద్దన్నా పాడు. అప్పుడొస్తాను. ఆ ఎడం ముక్కు సంగతి కూడా ఆడి ముందరే తేలిపోవాలి. లేపోతే ఈ ఏడు సంబరంలో నీకు జవాబు రాదు. ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ రాదు."

"అనుమతి నేకుండా పాడితే జైల్లో ఎట్టేస్తారే!"

"జైల్లో ఎడితే కూడు నానట్టుకొస్తాను," అంది పారమ్మ. "నాను ఉంటే."

తవిటినాయుడు అప్పీలు పెట్టుకున్నాడు. అప్పీలు వస్తే ఆఫీసుకు పండగే. ఏటి ఒడ్డున 'ఘటనా పునర్నిర్మాణం' జరపాలని నిర్ణయమైంది. అనుకున్న రోజు పొద్దున్నే జీపులు వచ్చాయి. టేపులు పట్టుకుని ఒడ్డు కొలిచారు. చందమామ అందుబాటులో లేనందున దాని స్థానంలో ఒక స్టీలు పళ్ళేన్ని కడవ నీళ్ళలో వేశారు. జీడివలస జనం ఈ ఒడ్డున, బొండపేట జనం ఆ ఒడ్డున చేరారు. బొండపేట వాళ్ళు మరమరాలు కూడా తెచ్చుకున్నారు.

"ప్రేయసి పాత్రధారిణి ముందుకు రావలెను," అన్నారు గుణాకరరావు గారు.

పారమ్మ కడవ పట్టుకుని నీళ్ళలో మోకాటి లోతున నిలబడింది. చీర కుచ్చిళ్ళు దోపుకుంది. ముఖం గంటు పెట్టుకుంది.

"ప్రియుడు తన పూర్వ స్థానమును ఆక్రమించవలెను."

తవిటినాయుడు ఒడ్డు దిగాడు. ఇరవై ఏళ్ళ కిందట పొద్దుగూకాక ఎడ్లను కడగడానికి దిగిన చోటది. ఇసక కాస్త జరిగింది గాని నీళ్ళలో రాయి అదే. రాయి మీద నిలబడ్డాడు. ఎదురుగా పారమ్మ. ఎండ నీళ్ళ మీద పడి ఆమె ముఖం మీదకు లేచింది. నత్తు తళుక్కుమంది.

తవిటినాయుడి ఎడమ చెయ్యి దానంతటదే లేచింది.

"ఇదిగో! ఇటుపక్కే! ఎడం పక్కే బాబూ!"

"అది ఆవిడ కుడి," అన్నారు గుణాకరరావు గారు.

"ఆవిడ కుడి ఆవిడికి బాబూ! నాకు ఎడమే గదా! నానేటి దాని ఎనకాల నిల్చుని సూసినానా? ఎదురుగుండా నిల్చుని సూసినాను! ఈ రాయి మీద నిల్చుని సూసినాను!"

ఒడ్డున ఉన్న ఆడవాళ్ళందరూ ఒకేసారి తమ ముక్కులు తడుముకున్నారు. మగవాళ్ళు పెళ్ళాలకు ఎదురుగా తిరిగి చూసుకున్నారు. కాసేపటికి ఇటు ఒడ్డున నవ్వు లేచింది, అది నీళ్ళు దాటి అటు ఒడ్డుకు పోయింది. నిపుణులు నలుగురూ ఒకరికొకరు ఎదురెదురుగా నిలబడి చేతులెత్తి సరిచూసుకున్నారు. రెండుసార్లు తప్పొచ్చింది.

పారమ్మ నవ్వలేదు. పెదవి బిగించింది గాని, అది నవ్వు ఆపుకోవడానికని తవిటినాయుడికి తెలుసు. ఇంకా ఒకటి బాకీ ఉందని కూడా తెలుసు. జీపుల వైపు చూశాడు. మోకాళ్ళు ఎప్పటిలాగే నీరుగారాయి. అయితే ఇప్పుడు ఎలాగూ నీళ్ళలోనే ఉన్నాడు కదా అనుకున్నాడు. చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏటొడ్డు తోటకాడ..."

"ఆగుము!" అన్నారు గుణాకరరావు గారు. "అర్థ నిర్ధారణ పూర్తి కాలేదు! ఇది బహిరంగ ప్రదేశము!"

"...ఎవరే సిన్నదానా..."

"తవిటినాయుడూ! ఇది శిక్షార్హము!"

తవిటినాయుడు ఆగలేదు. నత్తును పాడాడు, కడవను పాడాడు, మునిగిన చందమామను పాడాడు. తిరిగి వెళ్ళిపోతానన్న మాట దగ్గర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వెళ్ళిపోయింది తను కాదు కనుక. పాట అయ్యాక రెండు ఊళ్ళూ పారమ్మ వైపు తిరిగాయి.

పారమ్మ కడవ చంకకెత్తుకుంది.

*ఏటొడ్డు తోటకాడ ఎవడ్రా పిల్లగాడా*
*బస్సు తప్పుతాదనీ బంధాన్నే మరిసినోడా*
*నా కడవ నీళ్ళల్ల నీ సంతకం మునిగె*
*తీసియ్యనురా మావా నానబెట్టి ఎల్తాను*

రెండు ఒడ్లూ అదిరిపోయాయి. పారమ్మ కడవలోంచి స్టీలు పళ్ళెం తీసి గుణాకరరావు గారి చేతిలో పెట్టింది. "మీ సందమామ బాబూ. జాగర్త," అంది. రాయి దగ్గరికొచ్చి, ఇవాళా తప్పుగానే ఉన్న మొగుడి చొక్కా గుండీలు విప్పి, సరిగ్గా పెట్టి, మూట కోసం ఏరు దాటి అమ్మ ఇంటి వైపు నడిచింది.

గుణాకరరావు గారు తడి పళ్ళెం పట్టుకుని జీపు పక్కన నిలబడ్డారు. అనుమతి లేని పాట, అదీ తన కళ్ళ ముందే. కేసు రాయాలి. నిబంధనల పుస్తకం తిరగేశారు. అక్కడొక చిక్కు వచ్చింది. చిన్నది కల్పితం కాదని తేలింది. అన్యస్త్రీ కూడా కాదని తేలింది. చట్టబద్ధంగా పెళ్ళాడిన భార్య అని తేలింది. భార్యను ప్రేమించి పాడితే ఏ సెక్షను కిందకు వస్తుందో పుస్తకంలో ఎక్కడా లేదు. రాసినవాళ్ళకు ఆ ఆలోచనే వచ్చినట్టు లేదు.

సంబరానికి ముందు రోజు తాఖీదు వచ్చింది. "సదరు గీతంలోని స్త్రీ గాయకుని ధర్మపత్నియే అని విచారణలో రూఢి అయినందున, ఈ గీతంలో ప్రేమ లేదని ఇందుమూలంగా నిర్ధారించడమైనది. ఇది కుటుంబ వ్యవహారము. ప్రేమగీతాల నిబంధనలు దీనికి వర్తించవు. యథేచ్ఛగా పాడుకొనవచ్చును."

సంబరం బాగా జరిగింది. ఆ ఏడు జీడివలసలో సగం పాటోడు అన్న పేరు ఎవరికీ పడలేదు. తర్వాత జిల్లా అంతటా మొగుడూ పెళ్ళాల పాటలు స్వేచ్ఛగా మోగాయి. వాటిలో ప్రేమ లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది కదా.

ఆ తాఖీదును పారమ్మ దూలానికి గుచ్చి ఉంచింది. ఇప్పటికీ తవిటినాయుడు కూరలో ఉప్పెక్కువైందని గొణిగాడంటే, ఆమె గరిటెతో దాని వైపు చూపిస్తుంది.

"మనిద్దరికీ ప్రేమ నేదని గవర్నమెంటోడే తేల్చీసినాడు మావా. ఉప్పేస్తే మాత్రం తప్పేటి?"

తవిటినాయుడు ఇంకో ముద్ద కలుపుతాడు.

"ఆడి మాటకేటిలే," అంటాడు. "ఆడు ఎనకాల నిల్చుని సూసినాడు."